కావలికి బిట్రగుంట, బిట్రగుంటకు కావలి: ఫంక్షనల్ భాషల్లో వలయాల చిక్కు

ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లే రైలు మార్గంలో పెద్ద స్టేషన్లను మాత్రం తీసుకుందాం: ఒంగోలు, సింగరాయకొండ, కావలి, బిట్రగుంట, నెల్లూరు. మధ్యలో టంగుటూరు, ఉలవపాడు, కొడవలూరు లాంటివి ఉన్నా మన పనికి ఈ ఐదూ చాలు. ఒక్కో స్టేషన్‌కూ ఒక రికార్డు రాయాలి. అందులో మూడు గడులు ఉంటాయి: స్టేషన్ పేరు, వెనక స్టేషన్, తర్వాతి స్టేషన్. మొదటి గడిలో అక్షరాలుంటాయి. మిగతా రెండింటిలో పక్క స్టేషన్ల రికార్డులే ఉండాలి, అంటే మెమరీలో వాటి చిరునామాలు. డేటా స్ట్రక్చర్ల పాఠం చదివినవాళ్లు దీన్ని చూడగానే డబ్లీ లింక్డ్ లిస్టు అని గుర్తుపడతారు.

జావాలోనో పైథాన్‌లోనో ఇది చిటికెలో అయ్యే పని. ముందు ఐదు రికార్డులనూ ఖాళీ గడులతో తయారు చేస్తాం, తర్వాత పక్కవాటి చిరునామాలు నింపుకుంటూ పోతాం. ఫంక్షనల్ భాషలో, అంటే విలువలను మార్చకుండా ఫంక్షన్లతోనే పని నడిపే హాస్కెల్ లాంటి భాషలో, ఆ "తర్వాత" లేదు. పుట్టినప్పుడు రికార్డులో ఏముందో చివరిదాకా అదే ఉంటుంది, గడిని ఖాళీగా వదిలి మళ్లీ వచ్చి నింపడం కుదరదు. కావలి రికార్డు తయారు కావాలంటే బిట్రగుంట చేతిలో ఉండాలి. బిట్రగుంట తయారు కావాలంటే కావలి చేతిలో ఉండాలి. చెట్టు ముందా, విత్తు ముందా?

ఈ ప్రశ్నకు సమాధానాలు చాలానే ఉన్నాయి. అవన్నీ ఒకే రోగానికి మందులు కావు, తికమక అంతా అక్కడే. సర్క్యులర్ రిఫరెన్స్ అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సంగతులు నడుస్తున్నాయి. డేటా తన దగ్గరికే తిరిగి రావడం ఒకటి. ఒక విలువను లెక్కించడానికి ఆ విలువే అవసరం కావడం రెండోది. ప్రోగ్రాములోని ఫైళ్లు ఒకదాన్నొకటి పిలుచుకోవడం మూడోది. వలయం డేటాలో ఉందా, లెక్కలో ఉందా, ఫైళ్లలో ఉందా అని తేల్చుకోకుండా పరిష్కారం వెతికితే మందు ఒకచోట, నొప్పి ఒకచోట అవుతుంది.

ఫంక్షనల్ భాషలు ఇంత పట్టుదలగా "మార్చకూడదు" అని ఎందుకంటాయో ముందు చూద్దాం. ఒకసారి పుట్టిన విలువ మారదంటే, కొత్తగా పుట్టే విలువ తనకంటే ముందు పుట్టినవాటినే చూపగలదు. బాణాలన్నీ గతం వైపే ఉంటాయి. గతం వైపు మాత్రమే నడిచేవాడు బయల్దేరిన చోటికి తిరిగి రాలేడు కదా. అందుకే ఏ విలువనైనా పుట్టిన వెంటనే పూర్తిగా లెక్కించేసే ఎర్లాంగ్, ఎలిక్సిర్ లాంటి భాషల్లో మామూలు డేటాతో వలయం కట్టడం అసాధ్యం. ఇదేదో లోపంలా కనిపిస్తుంది గానీ, దీనివల్ల పెద్ద లాభమే ఉంది.

ఆ లాభం తెలియాలంటే 1960కి వెళ్లాలి. ఆ ఏడాది జార్జ్ కాలిన్స్ మెమరీని తిరిగి వాడుకోవడానికి ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ప్రతి మెమరీ ముక్క దగ్గరా, దాన్ని ఎందరు చూపిస్తున్నారో ఒక లెక్క ఉంటుంది. లెక్క సున్నా అయితే ఆ ముక్కను విడుదల చేస్తారు. చక్కటి ఆలోచనే. మూడేళ్లకు, 1963లో, హెరాల్డ్ మెక్‌బెత్ అందులోని చిల్లు చూపించాడు. కావలిని బిట్రగుంట, బిట్రగుంటను కావలి చూపిస్తూ ఉంటే, బయటివాళ్లందరూ ఆ రెంటినీ మరిచిపోయినా లెక్క ఎప్పటికీ సున్నా కాదు. ఎవరికీ అక్కరలేని ఆ జంట మెమరీలో అలాగే ఉండిపోతుంది. పైథాన్ ఇప్పటికీ ఈ లెక్క పద్ధతినే వాడుతుంది. వలయాలను వెతికి పట్టుకోవడానికి 2000లో వచ్చిన 2.0 నుంచి అందులో ఇంకో యంత్రాంగం తోడైంది. స్విఫ్ట్‌లో ఆ బాధ్యత ప్రోగ్రామర్‌దే, ఏ బాణాన్ని లెక్కలోకి తీసుకోకూడదో తనే చెప్పాలి. లీన్ 4 అనే ఫంక్షనల్ భాష మాత్రం ఉత్త లెక్కతోనే నెట్టుకొస్తుంది. అందులో శుద్ధమైన డేటాతో వలయం పుట్టదు కాబట్టి వలయాలు వెతికే బాదరబందీ లేదు.

అయితే మన రైలు మార్గం సంగతి? దానికి ఒక దారి హాస్కెల్ చూపిస్తుంది. 1976లో రెండు జంటలు, హెండర్సన్–మోరిస్ ఒకటి, ఫ్రీడ్‌మన్–వైజ్ ఇంకొకటి, విడివిడిగా ఒకే మాట చెప్పాయి: విలువను పుట్టగానే లెక్కించనక్కర్లేదు, అడిగినప్పుడు లెక్కిస్తే చాలు. 1990లో తొలి నివేదిక వెలువడిన హాస్కెల్ ఈ లేజీ పద్ధతినే పునాదిగా తీసుకుంది. ఇందులో గడిలో విలువ బదులు థంక్ ఉంటుంది. అది ప్రామిసరీ నోటు లాంటిది. డబ్బు ఇంకా చేతికి రాలేదు, కానీ నోటు చేతులు మారవచ్చు, పెట్టెలో పెట్టుకోవచ్చు. ఎవరైనా నిజంగా వసూలుకు వచ్చిన రోజే లెక్క జరుగుతుంది. ఒకసారి వసూలైతే ఆ నోటు స్థానంలో అసలు విలువే కూర్చుంటుంది, రెండోసారి అడిగినవాళ్లకు మళ్లీ లెక్కించే పని ఉండదు.

ఇప్పుడు స్టేషన్ల పేర్ల జాబితా ఇస్తే మార్గం కట్టే ఫంక్షన్ ఇలా ఉంటుంది. హాస్కెల్ వ్యాకరణాన్నే తెలుగు పేర్లతో రాస్తున్నాను. ఇందులో [] అంటే ఖాళీ జాబితా, (పేరు : మిగిలినవి) అంటే మొదటి పేరు, దాని వెనక మిగతా జాబితా:

కట్టు వెనకది [] = లేదు
కట్టు వెనకది (పేరు : మిగిలినవి) = ఉంది ఇది
ఇక్కడ ఇది = స్టేషన్ పేరు వెనకది (కట్టు (ఉంది ఇది) మిగిలినవి)

మూడో వరుస దగ్గర కాసేపు ఆగాలి. "ఇది" అంటే ఏమిటో చెప్పే వాక్యంలోనే "ఇది" మళ్లీ వచ్చింది. కంప్యూటర్ ఏం చేస్తుందంటే, "ఇది" అనే పేరుకు మెమరీలో చోటు ముందే కేటాయిస్తుంది. చోటు ఉందంటే చిరునామా ఉన్నట్టే. ఆ చోటులో స్టేషన్ రికార్డు రాస్తుంది: పేరు గడిలో కావలి, వెనక గడిలో ఇదివరకే చేతిలో ఉన్న సింగరాయకొండ, తర్వాతి గడిలో ఒక థంక్. ఆ థంక్‌లో ఉన్నదల్లా "మిగిలిన పేర్లతో మార్గం కట్టు, వెనకది అడిగితే ఈ చిరునామా ఇవ్వు" అన్న సూచన. ఎవరో కావలి తర్వాతిది ఏమిటని అడిగిన క్షణాన బిట్రగుంట రికార్డు పుడుతుంది, దాని వెనక గడిలో కావలి చిరునామా ఉంటుంది. కావలి తర్వాతి గడిలో ఇప్పుడు థంక్ పోయి బిట్రగుంట వచ్చింది. వలయం పూర్తయింది. ప్రోగ్రామర్ ఎక్కడా ఏ గడినీ చెరిపి రాయలేదు. చెరిపి రాసింది భాష, అదీ ఎవరికీ కనపడకుండా. ఈ కిటుకును ముడి వేయడం అంటారు. "పాత విలువను మార్చకూడదు" అన్న నియమానికి లేజీ పద్ధతి దొంగదారి తీసిందని ఎవరైనా అంటే నేను కాదనను. కాకపోతే బయటినుంచి చూసేవాళ్లకు ఆ దారి ఎప్పటికీ కనిపించదు, కాబట్టి నియమం చెక్కుచెదరలేదు.

ఇంతకన్నా చిన్న ముడి కూడా ఉంది: ఒకట్లు = 1 : ఒకట్లు. ఒకటి అనే అంకె, దాని వెనక మళ్లీ అదే జాబితా. మెమరీలో ఇది ఒకే ఒక్క ముక్క, దాని తోక దాన్నే చూపిస్తుంది. ఇందులోంచి ఐదు అంకెలు ఇమ్మంటే ఐదు ఒకట్లు వస్తాయి, లక్ష ఇమ్మంటే లక్ష వస్తాయి. ఈ జాబితా పొడవెంత అని మాత్రం అడగకూడదు.

ఇంతవరకూ వలయం డేటాలో ఉంది. లెక్కలో ఉంటే కథ మారుతుంది. దీనికి రొయ్యల చెరువు ఉదాహరణ చూద్దాం. కావలి తీరంలో ఒక చెరువు యజమాని మేనేజర్‌తో ఇలా మాట్లాడుకున్నాడనుకుందాం: పిల్ల, మేత, కరెంటు ఖర్చులన్నీ పోగా మిగిలినదాంట్లోంచి నీ బోనస్ కూడా తీసేశాక నికరంగా ఎంత లాభం తేలుతుందో, అందులో పదో వంతు నీ బోనస్. ఖర్చులు పోగా 11 లక్షలు మిగిలింది. బోనస్ ఎంత? లాభం తెలిస్తేగానీ బోనస్ తెలియదు, బోనస్ తెలిస్తేగానీ లాభం తెలియదు. ఎక్సెల్‌లో రెండు గడుల్లో ఈ రెండు సూత్రాలూ రాస్తే వెంటనే సర్క్యులర్ రిఫరెన్స్ హెచ్చరిక వస్తుంది. ఎక్సెల్ సూత్రాలు కూడా ఒక ఫంక్షనల్ భాషే. ప్రోగ్రామింగ్ రాదనుకునే గుమాస్తాలు రోజూ వాడే ఫంక్షనల్ భాష ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

హాస్కెల్ లేజీ కదా, ఇక్కడా ముడి వేసేయదా? వేయదు. బోనస్‌కు థంక్ పుడుతుంది. దాన్ని అడిగితే లాభాన్ని అడుగుతుంది, లాభం మళ్లీ బోనస్‌ను అడుగుతుంది. కూడిక, తీసివేత, గుణకారం లాంటివి అంకె పూర్తిగా చేతికొస్తేగానీ కదలవు. స్టేషన్ రికార్డుకు ఈ ఇబ్బంది లేదు. తర్వాతి గడి తేలకముందే "ఇదిగో ఒక స్టేషన్, పేరు కావలి" అని కొంత ఇచ్చేయగలదు. "ఒకట్లు" జాబితా కూడా తనను తాను అడిగే ముందు ఒక 1 ఇచ్చేస్తుంది. ఎల్లలు గీసేది ఈ తేడానే. మళ్లీ తనను అడిగేలోగా కొంతైనా బయటికి ఇచ్చే వలయం బతుకుతుంది, ఏమీ ఇవ్వకుండా తనను తాను అడిగే వలయం చస్తుంది. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ లెక్క మొదలైన థంక్‌ను బ్లాక్ హోల్‌గా గుర్తించి ఉంచుతుంది. ఆ లెక్క తిరిగి తిరిగి అదే థంక్ దగ్గరికి వస్తే లూప్ అని చెప్పి ప్రోగ్రామును ఆపేయగలదు. చాలా సందర్భాల్లో పసిగడుతుంది, అన్నిసార్లూ కాదు. పసిగట్టనప్పుడు ప్రోగ్రాము అలా తిరుగుతూనే ఉంటుంది.

మరి మేనేజర్ బోనస్ మాటేమిటి? చేయి తిరిగిన ఆడిటర్ కాగితం మీద 11 లక్షలను 11తో భాగించి లక్ష రూపాయలు అని రాసేస్తాడు. ఎక్సెల్‌లో పునరావృత గణన అనే సదుపాయాన్ని ఆన్ చేస్తే అది గుడ్డిగా ఊహించుకుంటూ పోతుంది. మనం మార్చకపోతే 100 రౌండ్లదాకానో, రౌండుకూ రౌండుకూ మధ్య తేడా 0.001 కంటే తగ్గేదాకానో తిరుగుతుంది. బోనస్ సున్నా అనుకుని మొదలుపెడితే లాభం 11 లక్షలు, కాబట్టి బోనస్ 1,10,000. అంత బోనస్ పోతే లాభం 9,90,000, కాబట్టి బోనస్ 99,000. ఆ తర్వాత 1,00,100. ఆ తర్వాత 99,990. ప్రతి రౌండులోనూ తప్పు పదో వంతుకు తగ్గుతూ, ఒకసారి పైన ఒకసారి కింద పడుతూ లక్ష దగ్గర స్థిరపడుతుంది. ఒప్పందంలో వాటా నూటికి నూరు దాటితే ఈ ఊహలు దగ్గరపడటానికి బదులు దూరం జరుగుతాయి. అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టే యజమాని ఎలాగూ ఉండడు.

ఇదే పని హాస్కెల్‌లో రాస్తే విచిత్రం బయటపడుతుంది:

ఊహలు = 0 : ప్రతిదానికీ మెరుగు ఊహలు

"మెరుగు" అంటే ఒక బోనస్ ఊహను తీసుకుని తర్వాతి ఊహను ఇచ్చే చిన్న ఫంక్షన్. "ప్రతిదానికీ" అంటే ఆ ఫంక్షన్‌ను జాబితాలోని ఒక్కో అంకెకూ వర్తింపజేయడం. మొదటి ఊహ సున్నా, మిగిలిన ఊహలన్నీ ఇదే జాబితాలోని ఊహలను మెరుగుపరచగా వచ్చినవి. ఇది మళ్లీ ముడే! ఈసారి ముడి పనిచేస్తుంది, ఎందుకంటే జాబితా తనను తాను అడిగేలోగా ప్రతిసారీ ఒక అంకెను ఇచ్చేస్తోంది. లెక్కలో చచ్చిన వలయాన్ని డేటాలోకి మారిస్తే బతికింది. వరుసగా రెండు ఊహల మధ్య తేడా పైసా లోపు అయినచోట ఆపి ఆ అంకె తీసుకోవడం మన పని. ఎప్పుడు ఆపాలో జాబితాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. లెక్కించే తీరును ఆపే నిర్ణయం నుంచి ఇలా విడదీయగలగడం లేజీ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

ముడి నిజంగా అక్కరకొచ్చే ఇంకో చోటు పట్టికలు. భూమి రికార్డులో సుబ్బరామయ్య, బ్యాంకు పాసుపుస్తకంలో సుబ్రామయ్య అని ఉంటే రెండూ ఒకరి పేరేనా అని చూడటానికి, ఒక పేరును ఎన్ని అక్షరాల మార్పులతో ఇంకో పేరుగా మార్చవచ్చో లెక్కిస్తారు. ఒక పేరు అక్షరాలు అడ్డంగా, రెండోవి నిలువుగా పెట్టి పట్టిక వేస్తే, ప్రతి గడి విలువా తన ఎడమ గడి, పై గడి, ఎడమవైపు పైమూల గడి మీద ఆధారపడుతుంది. మామూలు భాషలో ఏ గడి ముందు నింపాలి, ఏది తర్వాత అని వరుస మనమే రాయాలి. లేజీ భాషలో పట్టిక మొత్తాన్నీ ఆ పట్టికనే ఉపయోగించి ఒకే వాక్యంలో నిర్వచించి, కింద కుడిమూల గడిని అడిగితే చాలు, ఏ వరుసలో నింపుకోవాలో థంక్‌లే తేల్చుకుంటాయి. పట్టిక తనను తాను చూపిస్తోంది, నిజమే. కానీ అందులోని ఏ గడీ తిరిగి తన మీద తాను ఆధారపడటం లేదు.

రిచర్డ్ బర్డ్ 1984లో ఇంకో అడుగు వేశాడు. ఒంగోలు పొగాకు వేలంలో మూడు బేళ్లకు కిలో ధరలు 280, 310, 265 రూపాయలు పలికాయనుకుందాం. ప్రతి బేలుకూ అత్యధిక ధర కంటే ఎంత తక్కువ వచ్చిందో రాయాలి: 30, 0, 45. మామూలుగా అయితే జాబితాను ఒకసారి నడిచి అత్యధిక ధర కనుక్కోవాలి, మళ్లీ నడిచి తేడాలు రాయాలి. బర్డ్ పద్ధతిలో ఒకే నడక సరిపోతుంది. "అత్యధికం ఎంతో ఇంకా తెలియదు, తెలిశాక అందులోంచి 280 తీసెయ్యి" అన్న థంక్‌లను వదులుకుంటూ పోతూ, అదే నడకలో అత్యధికాన్ని కనుక్కుంటారు. చివరికి తేలిన 310ని వెనక్కి తెచ్చి, ఆ నడకకే ఇన్‌పుట్‌గా ఇస్తారు. చూడటానికి ఇంద్రజాలమే. కానీ రోజువారీ పనిలో నేనైతే రెండుసార్లే నడుస్తాను. ఒక నడక మిగిలిందని మురిసిపోయేలోగా తేలని థంక్‌లు మెమరీలో గుట్టపడి ఉంటాయి, ఆర్నెల్ల తర్వాత ఆ కోడ్ చదివేవాడు నోరెళ్లబెడతాడు.

ఇక అసలు చిక్కు. ముడి వేయడం ఎలాగో చెప్పే పాఠాలు చాలా ఉన్నాయి గానీ, వేసిన తర్వాత ఏమవుతుందో చెప్పేవి తక్కువ. మన స్టేషన్ రికార్డుకు నాలుగో గడిగా ప్లాట్‌ఫారాల సంఖ్య చేర్చామనుకోండి. బిట్రగుంటలో ఆ సంఖ్య మారింది. పాత రికార్డును మార్చలేం కాబట్టి కొత్త బిట్రగుంట రికార్డు తయారు చేస్తాం: కొత్త సంఖ్య, వెనక కావలి, తర్వాత నెల్లూరు. బాగానే ఉంది. ఇప్పుడు కొత్త బిట్రగుంట నుంచి వెనక్కి కావలికి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ముందుకు వస్తే ఎక్కడికి చేరతాం? పాత బిట్రగుంటకు! కావలి రికార్డు మారలేదు కదా, అది చూపేది పాతదాన్నే. సరి చేయాలంటే కావలిని కూడా కొత్తగా రాయాలి. అప్పుడు సింగరాయకొండ పాత కావలిని చూపిస్తుంది. దాన్నీ రాయాలి, తర్వాత ఒంగోలును. అటువైపు నెల్లూరును కూడా. ఒక్క అంకె మారితే మార్గం మొత్తం మళ్లీ కట్టాలి. వలయం లేకుండా చెట్టులా కొమ్మలు వేసే డేటాలో ఒక ఆకు మారితే వేరు నుంచి ఆ ఆకు వరకున్న దారి మాత్రమే కొత్తగా రాస్తే చాలు, మిగతా చెట్టంతా పాతదే పనికొస్తుంది. ముడి ఆ సౌకర్యాన్ని మింగేస్తుంది.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఈ పొరపాటుకు ఏ హెచ్చరికా రాదు. విలువల రకాలన్నీ (టైపులు) సరిపోతాయి, ప్రోగ్రాము నడుస్తుంది, ఒక దారిలో వెళ్తే కొత్త అంకె, ఇంకో దారిలో వెళ్తే పాత అంకె కనిపిస్తుంది.

ముడివేసిన మార్గాన్ని తెరపై అచ్చు వేయమంటే ఒంగోలు, సింగరాయకొండ, ఒంగోలు, సింగరాయకొండ అంటూ ఆగకుండా పోతుంది. రెండు మార్గాలు సమానమా అని అడిగినా అదే గతి. ఓకామెల్ అనే ఫంక్షనల్ భాష లేజీ కాదు, అయినా పరిమితంగా ఇలాంటి వలయాలను రాయనిస్తుంది. అందులోనూ సమానత్వం గుర్తుతో వలయాలను పోలిస్తే జవాబు ఎప్పటికీ రాకపోవచ్చు. "ఇంతకుముందు చూసిన రికార్డేనా ఇది" అని చిరునామా చూసి తేల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఓకామెల్‌లో ఆ వీలు ఉంది. హాస్కెల్ మాత్రం సూత్రరీత్యా ఒప్పుకోదు. ఒకే విలువ మెమరీలో ఒకచోట ఉందా, రెండుచోట్ల ఉందా అన్నది ప్రోగ్రాముకు తెలియకూడదని దాని పట్టు. తెలిస్తే సమానమైన వాటిని ఒకదాని స్థానంలో ఒకటి పెట్టుకునే స్వేచ్ఛ పోతుంది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్లను హాస్కెల్‌లో వర్ణించేవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి అయింది. సర్క్యూట్‌లో ఫీడ్‌బ్యాక్ తీగ అంటేనే వలయం. దాన్ని గుర్తించలేకపోతే అచ్చు వేయడం కూడా కుదరదు. 1999లో కోయన్ క్లాసన్, డేవిడ్ శాండ్స్ ఈ నియమాన్ని కొద్దిగా సడలించి వలయాలను కనిపెట్టే మార్గం చూపారు. 2009లో ఆండీ గిల్ అదే పనిని రకాల భద్రతతో చేసే పద్ధతి ఇచ్చాడు.

కాబట్టి మారే డేటాకు, డిస్కులోకి ఎక్కించాల్సిన డేటాకు, ఇంకో కంప్యూటర్‌కు పంపాల్సిన డేటాకు ముడి వద్దు. చిరునామాల బదులు పేర్లు పెట్టండి. రైల్వే ఏనాడో చేసిన పని ఇదే: ఒంగోలుకు ఓజీఎల్, కావలికి కేవీజెడ్, బిట్రగుంటకు బీటీటీఆర్, నెల్లూరుకు ఎన్‌ఎల్‌ఆర్ అని కోడ్‌లున్నాయి. కావలి రికార్డు తర్వాతి గడిలో బిట్రగుంట రికార్డు ఉండదు, బీటీటీఆర్ అనే నాలుగు అక్షరాలుంటాయి. కోడ్ ఇస్తే రికార్డు ఇచ్చే మ్యాప్ ఒకటి పక్కన ఉంటుంది. బిట్రగుంట ప్లాట్‌ఫారాలు మారితే మ్యాప్‌లో ఆ ఒక్క రికార్డు మార్చిన కొత్త మ్యాప్ తీసుకుంటాం. కావలిని తాకనక్కర్లేదు, దానికి తెలిసింది కోడ్ మాత్రమే. అచ్చు వేయవచ్చు, పోల్చవచ్చు, ఫైల్లో దాచవచ్చు. డేటాలో వలయమే లేదు. వలయం అనేది మనం మ్యాప్‌ను అడిగిన ప్రతిసారీ పుట్టి పోయే సంబంధంగా మిగులుతుంది.

దీనికి ఖర్చు లేదని కాదు. ప్రతి అడుగుకూ మ్యాప్‌లో వెతకాలి. దేశంలో ఏడు వేలకు పైగా స్టేషన్లున్నాయి. అన్నిటినీ సమతుల్యమైన జంట కొమ్మల చెట్టులో పెడితే ఒక్కోదాన్ని వెతకడానికి పదమూడు, పద్నాలుగు అంచెలు పడతాయి. క్లోజర్ భాషలోలా ఒక్కో కణుపు దగ్గర 32 కొమ్మలుండే చెట్టయితే మూడు అంచెలు చాలు. అసలు భయం వేగం గురించి కాదు. కోడ్ తప్పుగా పడి మ్యాప్‌లో దొరక్కపోవచ్చు. ముడిలో కావలి తర్వాతిది ఉంటే నిజంగా ఉన్నట్టే, కోడ్‌లో అయితే ఉందని హామీ లేదు. అందుకే వెతికే ఫంక్షన్ "ఉంది" లేదా "లేదు" అని రెండు రకాలుగా జవాబిస్తుంది, "లేదు" అన్న జవాబును ప్రతిచోటా ఎదుర్కోవాలి. విసుగే. అయినా పాత బిట్రగుంట మౌనంగా మిగిలిపోవడం కంటే ఈ విసుగు వెయ్యి రెట్లు నయం.

మన ఐదు స్టేషన్ల గీతకు నిజానికి మ్యాప్ కూడా ఎక్కువే. 1997లో జెరార్ హ్యువే వివరించిన జిప్పర్ చాలు. మనం కావలిలో ఉన్నామనుకుంటే మూడు ముక్కలు చేతిలో ఉంటాయి: వెనకవి [సింగరాయకొండ, ఒంగోలు], ఇక్కడ కావలి, ముందువి [బిట్రగుంట, నెల్లూరు]. ముందుకు కదలడమంటే కావలిని వెనకవాటి తలమీద పెట్టి, ముందువాటి తల తీసుకోవడం. వెనక్కి రావడం దీనికి తలకిందులు. నిలబడ్డచోట రికార్డును మార్చడానికి ఒక్క ముక్క మారిస్తే చాలు. ఇందులో ఏ స్టేషన్‌కూ తన వెనక ఏముందో తెలియదు. ఆ దారిన వచ్చిన మనకు తెలుసు, అంతే.

గీత నుంచి చీలిన కొమ్మలు మళ్లీ కలిస్తే జిప్పర్ మొరాయిస్తుంది. 2019లో ప్రారంభమైన ఓబులవారిపల్లె మార్గం నెల్లూరుకు దక్షిణాన వెంకటాచలం దగ్గర ప్రధాన మార్గాన్ని కలుస్తుంది. అక్కడి నుంచి దారులు చీలి, ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ కలుస్తాయి కాబట్టి ఇక అది గ్రాఫు. కోడ్‌ల మ్యాప్‌కు మాత్రం ఏ తేడా లేదు, తర్వాతి గడిలో ఒక కోడ్ బదులు కోడ్‌ల జాబితా ఉంటుంది. గ్రాఫులో నడిచేటప్పుడు, చూసేసిన కోడ్‌ల సమితిని వెంట తీసుకెళ్లాలి, లేదంటే గిరగిరా తిరగడమే. మార్టిన్ ఎర్విగ్ 2001లో దీనికి ముచ్చటైన ప్రత్యామ్నాయం ఇచ్చాడు. గ్రాఫు నుంచి ఒక కణుపును, దానికి తగిలిన దారులతో సహా బయటికి తీస్తే, ఆ కణుపు వివరాలూ, అది లేని మిగతా గ్రాఫూ రెండూ చేతికొస్తాయి. తర్వాతి అడుగు ఆ మిగతా గ్రాఫులోనే. వెంకటాచలాన్ని తీసేసిన గ్రాఫులో మళ్లీ వెంకటాచలానికి చేరుకోలేం, కాబట్టి చూసినవాటి పట్టిక రాసుకునే పనే లేదు.

ఫైళ్ల మధ్య వలయం గురించి రెండు మాటలు. స్టేషన్ ఫైలు రైలు ఫైలును, రైలు ఫైలు స్టేషన్ ఫైలును పిలిస్తే ఓకామెల్ నిర్మాణం దగ్గరే ఆపేస్తుంది. ఎఫ్ షార్ప్ అయితే ఫైళ్లను ఒక వరుసలో పెట్టమని, పైఫైలు కిందిదాన్ని పిలవకూడదని ముందే చెబుతుంది. హాస్కెల్‌లో జీహెచ్‌సీ, ఫైల్లో ఏమేం ఉన్నాయో ముందే చెప్పే అదనపు బూట్ ఫైళ్లు రాస్తే ఒప్పుకుంటుంది, రాసేవాళ్లు మాత్రం తిట్టుకుంటూ రాస్తారు. ఈ విషయంలో నేను ఎఫ్ షార్ప్ పక్షం. రెండు ఫైళ్లకూ ఉమ్మడిగా కావాల్సిన రకాన్ని మూడో ఫైల్లోకి తీసుకుపోతే చాలాసార్లు చిక్కు వీడిపోతుంది. అప్పటికీ వీడకపోతే రైలు రికార్డులో స్టేషన్ బదులు దాని కోడ్ పెట్టండి. అప్పుడు రైలు ఫైలుకు కావాల్సింది కోడ్ రకం ఒక్కటే, స్టేషన్ ఫైలును పిలవాల్సిన పని ఉండదు.

మార్చగలిగే రిఫరెన్స్ గడులు కూడా ఉన్నాయి: ఓకామెల్‌లో రెఫ్, హాస్కెల్‌లో ఐఓరెఫ్, క్లోజర్‌లో ఆటమ్. వాటితో జావాలో లాగే ఖాళీ గడి పెట్టి తర్వాత నింపుకోవచ్చు. పాపమేమీ కాదు, కొన్ని అల్గారిథమ్‌లకు అదే సరైన దారి. కానీ ఆ గడి రికార్డులోకి ఎక్కాక, ఆ రికార్డును పట్టుకున్న ప్రతి ఫంక్షన్‌కూ "ఇది నిన్న చూసినదేనా" అన్న అనుమానం తగులుకుంటుంది. కాబట్టి వాడితే ఒక ఫంక్షన్ లోపలే వాడి, బయటికి ఇచ్చేటప్పుడు కోడ్‌ల మ్యాప్‌గా మార్చి ఇవ్వండి. అలా లోపల మార్చుకుని బయటికి శుద్ధమైన విలువే ఇవ్వడానికి హాస్కెల్‌లో ఎస్‌టీ అనే ఏర్పాటు ఉంది. లోపలి గడి బయటికి జారిపోతే కంపైలరే ఒప్పుకోదు.